ఇంతకీ ఆ 36వ గది ఏది?

"రేపు ఆదివారం ఉదయం ఆట! 36 గదులు! 36 ఫైట్లు! చూడండి, చూసి ఆనందించండి!"

రిక్షాకి అటూ ఇటూ పోస్టర్ బోర్డులు కట్టుకుని మైకులో అరుచుకుంటూ మా వీధిలోంచి వెళ్లిన ఆ మనిషికి తెలియదు కానీ, ఆయన అన్న ఆ ఒక్క ముక్క వల్ల మాలో మాకు ఏళ్ల తరబడి గొడవ నడిచింది. అదొక కుంగ్‌ఫూ సినిమా, పేరు 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్', అంటే షావోలిన్ ఆలయంలో 36వ గది. మేం ఒక్కసారి కూడా ఆ పేరు అలా పలకలేదు. ముప్పైయారు చాంబర్లు అనేవాళ్లం, కొందరు షావలిన్ టెంపుల్ అనేవాళ్లు, మా వెనకింటి అబ్బాయికైతే అది చివరిదాకా 'గుండు సినిమా'నే.

అప్పుడు నేను గుడివాడలో ఆరో తరగతి. 1987 అయ్యుండాలి. హాంకాంగ్‌లో ఆ సినిమా విడుదలైంది 1978లో, అంటే నా కళ్లబడేసరికి తొమ్మిదేళ్ల పాతది. ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగొచ్చిందో గానీ తెర నిండా గీతలే, తెర మీద ఎండ కాస్తుంటే వాన పడుతోందేంట్రా అనుకునేవాళ్లు చూసేవాళ్లు. మామూలుగా మమ్మల్ని ఇంగ్లీషు సినిమాలకి పంపేవాళ్లు కాదు, ఎందుకని అడిగితే చెప్పేవాళ్లూ కాదు. ఇందులో అందరూ సన్నాసులే, ఆడవాళ్లు మచ్చుకైనా కనిపించరు అని మా చిన్న మావయ్య అమ్మకి హామీ ఇచ్చి నలుగురు పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరాడు. హామీ మాత్రం నిజమే.

చిన్న మావయ్య గురించి ఒక మాట చెప్పాలి. బీకాం అయిపోయింది, ఉద్యోగం రాలేదు, మా ఇంట్లోనే ఉంటూ పొద్దున టైపుకీ సాయంత్రం షార్ట్‌హ్యాండ్‌కీ వెళ్లేవాడు. ఈ సినిమా బెజవాడలో అప్పటికే రెండుసార్లు చూసేశానన్నాడు. కాబట్టి హాల్లో మా దుబాసి ఆయనే.

దుబాసి లేకపోతే కష్టమే. చైనా వాళ్ల నోళ్లలోంచి ఇంగ్లీషు వస్తోంది, అది కూడా మూతి ఆగిపోయాక కూడా మాట వస్తూనే ఉంది. మొదటి అరగంట మాకు ఏం అర్థం కాలేదు. పైగా మేం మొదట్లోనే ఒక తప్పు లెక్క వేసుకున్నాం. సగం గుండు గీయించుకుని వెనక జడ వేసుకున్నవాళ్లంతా విలన్లని ఫిక్స్ అయిపోయాం. తీరా చూస్తే హీరోకీ జడే, వాళ్ల నాన్నకీ జడే, పాఠాలు చెప్పే మాస్టారికీ జడే. చైనాని ఏలిన మంచూ రాజుల కాలంలో మగవాళ్లందరూ అలా జడ వేసుకోవాల్సిందేనని, అది వాళ్ల పాలనకి లొంగిన గుర్తని తర్వాతెప్పుడో చదివాను. కాంటన్‌లో చేపల వ్యాపారం చేసుకునే ఇంటి కుర్రాడు, చదువుకుంటున్నవాడు, తన మాస్టారు తిరుగుబాటుదారుల్లో ఉన్నాడని తెలిసి తనూ అందులో దిగుతాడు. ఆ చేపల చాటునే రహస్య సందేశాలు పోతుంటాయి. మంచూ జనరల్‌కి తెలిసిపోతుంది, అందర్నీ చంపేస్తారు, ఇతనొక్కడూ గాయాలతో పారిపోయి కూరగాయల బండిలో దాక్కుని షావోలిన్ ఆలయం చేరతాడు. మా మావయ్య దీన్నంతా కుదించి "బాకీ గొడవ" అని చెప్పాడు.

అసలు సినిమా అక్కణ్ణుంచి మొదలైంది.

ఆలయంలో మొదటి పరీక్ష భోజనశాల ముందే. లోపల అన్నం ఉంది. మధ్యలో నీళ్ల గుంట, అందులో కట్టగా కట్టిన దుంగలు తేలుతున్నాయి. దాని మీద ఒక్క అడుగు వేసి అవతలికి దూకాలి. పాత సన్నాసులందరూ గిన్నె పట్టుకుని పిచ్చుకల్లా దాటేస్తున్నారు. మనవాడు కాలు పెట్టాడు, దుంగలు తిరగబడ్డాయి, దభీమని నీళ్లలో. హాలు హాలంతా నవ్వింది. మళ్లీ పడ్డాడు, మళ్లీ నవ్వారు. ఆ తర్వాత మరీ తడిసి ముద్దయి అన్నం దక్కక నిలబడ్డప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. మా వెనక బెంచీలో రైసుమిల్లు హమాలీలు కూర్చున్నారు, వాళ్లలో ఒకాయన గట్టిగా అన్నాడు, "అన్నం కాడా రా మీ పరీక్షలు, ముందు పెట్టండెహె!" దానికి ఈల పడింది. ఆ రోజు మొత్తం మీద ఫైట్లకి కూడా అంత ఈల పడలేదు.

తర్వాత గదులు, ఒక్కో గదిలో ఒక్కో శిక్షణ. చేతులు రెండూ పక్కలకి బార్లా చాపి, చెరో చేతికీ నీళ్ల బకెట్ పట్టుకుని ఏటవాలు ఎక్కాలి, చేతులు వాలిస్తే జబ్బలకి కట్టిన కత్తులు డొక్కలో దిగుతాయి. ఇంకో గదిలో బారెడు కంటే పొడుగైన కర్ర, దాని చివర బరువు, ఈ కొస పట్టుకుని అక్కడున్న గంటని కొట్టాలి, అది కూడా ముసలి సన్నాసి చెక్క వాయిద్యం కొట్టే తాళానికి సరిగ్గా. మణికట్టు కోసమట. ఇంకో గదిలో తల కదపకుండా కళ్లతోనే ఊగే దీపాన్ని వెంబడించాలి, తల కదిపితే చెంపల పక్కన లావుపాటి అగరొత్తులు మండుతుంటాయి. వేలాడే ఇసుక సంచుల్ని తలతో కుమ్ముకుంటూ పోయే గది వచ్చేసరికి మా తమ్ముడు ముందు సీటుని తలతో కొట్టడం మొదలుపెట్టాడు, ముందాయన వెనక్కి తిరిగి ఒక్క మొట్టికాయ వేశాడు.

నేను మాత్రం వేళ్లు మడుస్తూ కూర్చున్నాను. రిక్షా వాడు 36 అన్నాడు కదా. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి, ఇంకొకటి ఏమైనా వస్తుందేమో అనుకుంటుండగా మనవాడు ఆలయం వదిలి బయటికి వచ్చేశాడు. జనరల్‌తో చివరి ఫైటు కూడా అయిపోయింది, లైట్లు వేశారు.

బయటికి రాగానే పంచాయితీ. పది గదులేనని నేను, కాదు పదకొండని వెనకింటి అబ్బాయి, వాడు దుంగల గుంటని కూడా గదిగా లెక్కేశాడు. ఎలా చూసినా పాతికకి తగ్గకుండా బాకీ. రీళ్లు కోసేశారు! ఆ మాట ఎవరు ముందన్నారో తెలీదు, క్షణంలో గేటు దగ్గర ఉన్న జనమంతా అదే మాట. అప్పట్లో మాకు సినిమాలో ఏం అర్థం కాకపోయినా ఆపరేటర్ కోసేశాడనే అనేవాళ్లం. నలుగురైదుగురు పెద్దవాళ్లు మెట్లెక్కి ప్రొజెక్టర్ గది దాకా వెళ్లారు. ఆయన బనీనుతో బయటికొచ్చి, చెమట తుడుచుకుంటూ, "వచ్చిన డబ్బాలన్నీ వేశానయ్యా, కావాలంటే లోపలికొచ్చి లెక్కెట్టుకోండి" అన్నాడు. ఎవరూ లెక్కెట్టలేదు. గొడవకి వెళ్లినవాళ్లే ఆయన దగ్గర బీడీ అంటించుకుని దిగొచ్చారు.

ఇంటికి నడుస్తూ మావయ్య తీరిగ్గా అన్నాడు, "బెజవాడలో పూర్తిగా వేశార్రా."

మేం నలుగురం ఆగిపోయాం.

"36 గదులూనా?"

"36. ఇరవయ్యేడో గదిలో పాములుంటాయి."

ఆ వేసవంతా రాత్రి డాబా మీద పడుకుని మావయ్య దగ్గర మిగతా గదుల కథలు విన్నాం. పాముల గదిలో చీకట్లో బుట్టల మధ్య నడవాలి, బుట్టల మూతలు తీసి ఉంటాయి. ఇంకో గదిలో మంచుగడ్డ మీద తెల్లారేదాకా నిలబడాలి. ఒక గదిలో ఏమీ ఉండదు, అదే అన్నిటికంటే కష్టం, అక్కడ ఎవరూ పిలవకుండా తనంతట తను తలుపు కనిపెట్టాలి. ఈ చివరిది ఆయన ఏ మూడ్‌లో చెప్పాడో గానీ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో హీరోని ఆలయం నుంచి ఎందుకు పంపేశారు మావయ్యా అంటే, "పైవాళ్లకి ఎదురు చెప్పాడు, డిస్మిస్ చేశారు. ఎక్కడైనా అంతే" అన్నాడు. ఆ నెలలోనే ఆయనకి ఇంటర్వ్యూలో పోయిందని అమ్మ చెప్పగా తర్వాత తెలిసింది.

ఆ సినిమా పుణ్యమా అని మునిసిపల్ స్కూలు గ్రౌండులో కరాటే నేర్పే మాస్టారి దగ్గరికి ఒక్క వారంలో ముప్పై మంది చేరాం. మాస్టారికి సినిమా అంటే చిరాకు. అది కరాటే కాదు కుంగ్‌ఫూ, అది చైనా ఇది జపాన్, ఆ చేతులు తిప్పడాలన్నీ డాన్సు, అసలు దెబ్బలో పవర్ లేదు అని రోజూ పాఠానికి ముందు ఒక పది నిమిషాలు దాన్ని తిట్టేవాడు. తిట్టి, మమ్మల్ని గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబెట్టేవాడు. నిలబెట్టి టీ తాగడానికి వెళ్లేవాడు. మొదటి వారమంతా అదే, రెండో వారమూ అదే. పంచ్ ఎప్పుడు సార్ అంటే, "ఆ గుండాయన ఎన్నాళ్లు నీళ్లు మోశాడు? చూసొచ్చావుగా!" అనేవాడు. మూడో వారానికి తొమ్మిది మందిమి మిగిలాం, నాలుగో వారం నేనూ లేను.

కర్ర సంగతి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. సినిమాలో హీరో అన్ని గదులూ అయ్యాక, రెండు పొట్టి వెడల్పు కత్తులతో పోరాడే పెద్ద సన్నాసి చేతిలో ఓడిపోతాడు, మళ్లీ వెళ్లి మళ్లీ ఓడిపోతాడు. వెదురు తోపులో ఉండగా ఒక ఆలోచన తట్టి కర్రని మూడు ముక్కలు చేసి గొలుసులతో కలుపుతాడు, దాంతో గెలుస్తాడు. నాంచాక్ అయితే మా స్కూల్లో ప్రతివాడి దగ్గరా ఉంది, రెండు ముక్కలు, మధ్యలో సైకిల్ చైను. మూడు ముక్కలది ఎవరి దగ్గరా లేదు. పెరట్లో దండేనికి ఊతంగా పెట్టిన వెదురు గెడని నేను మూడు ముక్కలుగా కోసేశాను. రిపేరు షాపులో పారేసిన పాత చైను రెండు చోట్ల మేకులతో బిగించాను. ఊపాను. మొదటి ముక్క నా చేతిలోనే ఉంది, రెండోది నేను చూస్తుండగానే వెళ్లింది, మూడోది ఎటు నుంచి తిరిగొచ్చిందో తెలీదు, తల వెనక ఠంగుమంది. కోడిగుడ్డంత బొడిపె. ఉతికిన బట్టలన్నీ మట్టిలో పడి ఉన్నాయి. అమ్మ ముందు వీపు మీద రెండు వేసి ఆ తర్వాత పసుపు పెట్టింది.

రెండోసారి చూసింది ఆ మరుసటి ఏడాది వినాయక చవితి పందిట్లో. చందాలేసి కలర్ టీవీ, వీడియో క్యాసెట్లు వేసే వీసీపీ అద్దెకి తెచ్చారు. ముందు పెద్దవాళ్ల కోసం ఒక పౌరాణికం, తర్వాత ఒక సాంఘికం, అర్ధరాత్రి దాటాక కుర్రాళ్ల కోసం మా గుండు సినిమా. పెద్దవాళ్లు వెళ్లిపోతారనుకుంటే సగం మంది బద్ధకించి అలాగే కూర్చుండిపోయారు. అప్పుడు విన్న మాటలు నాకు సినిమా కంటే ఎక్కువ గుర్తున్నాయి.

మా వీధిలో కావిడితో హోటళ్లకి మంచినీళ్లు పోసే తాత ఉండేవాడు. బకెట్ల గది రాగానే చాప మీద నుంచి లేచి కూర్చున్నాడు. కాసేపు చూసి, "అట్టా మోస్తే ఏడాదిలో భుజం పోద్ది" అన్నాడు. అది ట్రైనింగ్ తాతా అని మేం అంటే, "టైనింగో ఏదో, నీళ్లు చేత్తో మొయ్యకూడదు, భుజం మీద ఊగాల. నడక, ఊపు ఒకటవ్వాల. ఆళ్లకి ఒక కావిడిబద్ద ఇచ్చి బకెట్లో ఏపరెమ్మ ఎయ్యమనండి, ఒక్క సుక్క ఒలకదు" అన్నాడు. నిజంగానే ఆయన డబ్బాల్లో ఎప్పుడూ ఒక రెమ్మ తేలుతుండేది. అప్పటిదాకా అది శుభ్రం కోసం వేస్తాడేమో అనుకునేవాణ్ణి. ఆ తర్వాత వారం ఆయన వెనకే నడిచి చూశాను. నీళ్లు అంచుదాకా వచ్చి ఆ ఆకులకి తగిలి వెనక్కి పోతున్నాయి, డబ్బా కింద మట్టి పొడిగానే ఉంది. తాత పాదాలు నేల మీద జారుతున్నట్టు పడుతున్నాయి, నడుం పైన ఏమీ కదలడం లేదు. ఏ గదిలో నేర్చుకున్నాడో.

నాయనమ్మ పౌరాణికం అయ్యాకే నిద్రపోయింది. మధ్యలో ఎప్పుడో కళ్లు తెరిచి, తెర మీద అతను మళ్లీ తడి బట్టలతో కనిపిస్తే, "ఆ పిల్లాడికి ఇంకా అన్నం పెట్టలేదట్రా?" అని అడిగింది. ఇంకో గంటకి మళ్లీ మెలకువ వచ్చి అదే అడిగింది. పెట్టారు నాయనమ్మా అంటే, "ఆఁ" అని అటు తిరిగి పడుకుంది.

ఆ రాత్రి కూడా లెక్కపెట్టాం. ఈసారి తొమ్మిదే తేలాయి! వీడియో క్యాసెట్టులో ఇంకా కోసేశారన్నమాట. మావయ్య పెదవి విరిచి, "చెప్పలా" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత న్యూజెర్సీలో ఉన్నప్పుడు డీవీడీ కొన్నాను. అందులో కింద సబ్‌టైటిళ్లు వస్తాయి, బొమ్మ తళతళలాడుతోంది, కాషాయం కాషాయంలా ఉంది. మొదట గమనించింది బొమ్మ వెడల్పు. హాంకాంగ్ స్టూడియో షా బ్రదర్స్ వాళ్లు వెడల్పాటి తెర కోసం తీసిన సినిమా అది, మా వీసీపీలో రెండు పక్కలా నరికేసినట్టున్నారు. ఆ పొడుగాటి కర్రతో గంట కొట్టే గదిలో పందిట్లో మాకు కనబడింది అతను, కర్ర మొదలు మాత్రమే, గంట సగం వినబడిందే గానీ కనబడలేదు. ఇప్పుడు ముసలి సన్నాసి, కుర్రాడు, గంట, ముగ్గురూ ఒకే బొమ్మలో. తాళం మారినప్పుడు అతని మొహంలో వచ్చే కంగారు, ఆ కర్ర కొస వణకడం ఒకేసారి చూస్తేగానీ ఆ సీను సీను కాదు.

దర్శకుడు లౌ కార్-లియుంగ్ అంతకుముందు ఫైట్ మాస్టరు. వాళ్ల నాన్న కూడా కుంగ్‌ఫూ గురువే, ఆయన గురువు లామ్ సాయ్-వింగ్, ఆయన గురువు చైనాలో పేరుమోసిన కుంగ్‌ఫూ వీరుడు వాంగ్ ఫే-హుంగ్. ఇంటి విద్య. హీరో గోర్డన్ లియూ ఆ నాన్నగారి దగ్గరే నేర్చుకుని ఆ ఇంటి పిల్లాడే అయిపోయినవాడు. అందుకే కాబోలు, మిగతా సినిమాల్లో మూడు నిమిషాల పాటలా దాటేసే శిక్షణని ఈయన దాదాపు సగం సినిమా తీశాడు. దీనికి అలవాటు పడ్డాక మిగతా భాగాలు తేలిపోతాయన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా చివర. అంత కష్టపడి నేర్చుకుని వచ్చినవాడు ఆ జనరల్‌ని చంపడం ఏదో బస్సు టైమ్ అయిపోతున్నట్టు ఉంటుంది. ఆ జనరల్ వేసిన లో లియే మంచి నటుడు కూడా, ఇంకో పది నిమిషాలు ఇవ్వాల్సింది. ఈ మాట ఆ రోజు గేటు దగ్గర ఒక హమాలీ అన్నాడు, "ఇంతోటిదానికి అన్నేళ్లు ఆ గుళ్లో ఎందుకుండాల?" అని. నేనప్పుడు కోపంగా చూశాను.

అక్కడ ఆఫీసులో ఒక నల్లజాతి సహోద్యోగికి డీవీడీ చూపిస్తే ఎగిరి గంతేశాడు. వాళ్లకి అది 'మాస్టర్ కిల్లర్'. చిన్నప్పుడు శనివారం మధ్యాహ్నాలు టీవీలో చూసేవాడట. 1993లో వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం తమ మొదటి ఆల్బమ్ పేరులోనే '36 ఛాంబర్స్' పెట్టుకుందని అతనే చెప్పాడు. మీరు గదులు లెక్కపెట్టలేదా అని అడిగాను. ఎందుకు లెక్కపెట్టాలి అన్నాడు. వాళ్ల వీధిలో మైకు రిక్షా లేదు మరి.

సబ్‌టైటిళ్లు చదువుతూ చూస్తే అసలు విషయం తెలిసింది. ఆలయంలో ఉన్నవి 35 గదులే. అన్నీ పూర్తి చేసినవాడికి నీకు నచ్చిన గదికి నువ్వే పెద్దవి అంటారు. అతను అవేవీ వద్దని, ఇంకొక గది పెట్టనివ్వండి, బయటి మామూలు జనానికి ఈ విద్య నేర్పుతాను అంటాడు. పెద్దలు కుదరదంటారు, శిక్ష వేసినట్టే వేసి బయటికి పంపుతారు. నిజానికి అది శిక్ష కాదు, వెళ్లి నీ పని చేసుకోమని దారి ఇవ్వడం. 36వది అతను అడిగిన గది. చివర్లో అతను జనానికి నేర్పుతూ కనిపిస్తాడు చూడండి, అదే. మేం లైట్లు వేసే తొందరలో లేచి నిలబడ్డది సరిగ్గా దాని ముందే.

రాత్రి రెండింటికి సోఫాలో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పాపం ఆపరేటర్.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మావయ్యని కలిశాను. మేం హాల్లో ఆ సినిమా చూసిన తర్వాతి ఏడాదే ఉద్యోగం వచ్చింది ఆయనకి, ఇప్పుడు రిటైరై మోకాళ్లకి ఆపరేషన్ చేయించుకుని వరండాలో కుర్చీలో ఉన్నాడు. మా అబ్బాయిని కూర్చోబెట్టుకుని వాడి ఫోనులో ఏదో చూస్తున్నాడు. నేను మెల్లిగా మొదలుపెట్టి మొత్తం చెప్పాను, ఉన్నవే 35 అని, 36వది ఏమిటో, అతన్ని డిస్మిస్ చెయ్యలేదని, అన్నీ. పూర్తిగా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి పాముల గది?" అన్నాను.

"ఉంది కదరా."

"డీవీడీలో లేదు మావయ్యా. మొత్తం చూశాను, ఒక్క ముక్క కూడా పోని ప్రింటు అది."

మావయ్య మా అబ్బాయి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"డీవీడీలో కూడా కోసేశారన్నమాట" అన్నాడు.